సంఘం ఎత్తబడుట

సంఘం ఎత్తబడుట అనగా, యేసుక్రీస్తు తిరిగి వచ్చునప్పుడు ఆయనయందు విశ్వాసముంచి మరణించినవారు సజీవులై లేస్తారని, అప్పటికి బ్రతికి ఉన్న విశ్వాసులు వారితో కలిసి మేఘాలలోకి కొనిపోబడి క్రీస్తును కలుసుకుంటారని చెప్పే క్రైస్తవ విశ్వాసం. తెలుగు క్రైస్తవులు దీనిని 'ఎత్తబాటు' అని, కొన్ని సంఘాలలో 'రహస్య రాకడ' అని కూడా వ్యవహరిస్తారు. ఆంగ్లంలో దీనికి 'రాప్చర్' అని పేరు. ఇక్కడ 'సంఘం' అంటే ఒక ఊరిలోని చర్చి అని కాదు, అన్ని దేశాలకు, అన్ని కాలాలకు చెందిన విశ్వాసుల సమూహం అని అర్థం.

క్రీస్తు తిరిగి వస్తాడనే విషయంలో, మృతులు లేస్తారనే విషయంలో ప్రధాన క్రైస్తవ శాఖల మధ్య తగవు లేదు. ఇది ఎప్పుడు జరుగుతుంది, దాని తరువాత విశ్వాసులు ఎక్కడికి వెళతారు అనే రెండు ప్రశ్నల దగ్గరే అభిప్రాయాలు చీలిపోయాయి. విశ్వాసులందరూ ఒక్కసారిగా మాయమవుతారని, మిగిలిన లోకం ఏడు సంవత్సరాలు ఘోర శ్రమలు అనుభవిస్తుందని నవలలు, చలనచిత్రాల ద్వారా ప్రచారమైన భావన ఈ అభిప్రాయాలలో ఒకటి మాత్రమే. ఒక పూర్తి సిద్ధాంతంగా దాని వయస్సు రెండు వందల సంవత్సరాలకు మించదు. దానికి ఆధారంగా చూపే వాక్యభాగాలు మాత్రం క్రీస్తు శకం మొదటి శతాబ్దానివి, కొన్ని అంతకంటే పాతవి.

పదం, అర్థం

ఈ విశ్వాసానికి మూలమైన వాక్యం పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయం 17వ వచనం. పౌలు గ్రీకు భాషలో వ్రాశాడు. ఆయన వాడిన క్రియ 'హార్పజో'. హఠాత్తుగా, బలంగా లాగుకొనిపోవడం, ఎత్తుకొనిపోవడం దీని అర్థం. తోడేలు గొర్రెలను పట్టుకుపోవడానికి (యోహాను 10:12), నపుంసకునికి బాప్తిస్మమిచ్చిన వెంటనే ఫిలిప్పును ప్రభువు ఆత్మ కొనిపోవడానికి (అపొస్తలుల కార్యములు 8:39), మూడవ ఆకాశం వరకు కొనిపోబడిన మనిషి అనుభవానికి (2 కొరింథీయులకు 12:2-4) కొత్త నిబంధనలో ఇదే క్రియను వాడారు. లాటిన్ బైబిలులో ఈ చోట 'రపియెముర్' అనే రూపం ఉంది. ఆంగ్లంలోని 'రాప్చర్' ఆ లాటిన్ ధాతువు నుండి పుట్టినదే.

'రాప్చర్ అనే మాట బైబిలులో ఎక్కడా లేదు' అని కొందరు వాదిస్తారు. ఈ వాదానికి పెద్ద బలం లేదు. మాట లేకపోయినా ఆ క్రియ ఉంది, ఆ భావమూ ఉంది. తెలుగు బైబిలులో ఈ వచనంలో ఉన్న మాట 'కొనిపోబడుట'. 'ఎత్తబడుట' అనేది బోధకుల వాడుకలో స్థిరపడింది.

థెస్సలొనీక సంఘానికి వచ్చిన సందేహం

థెస్సలొనీక నాటి రోమా సామ్రాజ్యంలో మాసిదోనియ రాష్ట్రానికి ముఖ్యపట్టణం. నేటి గ్రీసు దేశంలో రెండవ పెద్ద నగరమైన థెస్సలోనికి అదే. పౌలు అక్కడి యూదుల సమాజమందిరంలో మూడు విశ్రాంతి దినాలు బోధించాడని, అల్లరి జరగడం వలన విశ్వాసులు ఆయనను రాత్రివేళ బెరయకు పంపివేశారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం తెలుపుతుంది. అంటే ఆ సంఘానికి బోధ పూర్తికాకుండానే బోధకుడు ఊరు విడిచిపోవలసి వచ్చింది. తరువాత పౌలు కొరింథు నుండి వారికి ఉత్తరం వ్రాశాడు. కొరింథులో పౌలు ఉన్నప్పుడు అక్కడి అధిపతిగా చెప్పబడిన గల్లియో పేరు డెల్ఫీలో దొరికిన శాసనంలో ఉండడం వలన, ఈ పత్రిక కాలాన్ని సుమారు క్రీ.శ. 50-51 అని పండితులు నిర్ణయించారు. కొత్త నిబంధనలోని అతి పురాతనమైన రచనలలో ఇది ఒకటి.

ఈలోగా ఆ సంఘంలో కొందరు చనిపోయారు. క్రీస్తు త్వరలో వస్తాడని ఎదురుచూస్తున్నవారికి ఇది పెద్ద కలత. తాము బ్రతికి ఉండి ఆయనను చూస్తాము గాని, ముందే పోయిన తమవారి గతి ఏమిటి, ఆ దినంలో వారికి పాలు లేదా అన్నది వారి దుఃఖం. పౌలు 4:13-18లో దీనికే జవాబు చెప్పాడు. ప్రభువు ఆర్భాటంతో, ప్రధానదూత శబ్దంతో, బూరధ్వనితో దిగివస్తాడు. మొదట లేచేది మృతులే. బ్రతికి ఉన్నవారు వారికంటే ముందుగా వెళ్ళరు, వారితో కలిసి వెళతారు. ఆ తరువాత అందరూ సదాకాలం ప్రభువుతో ఉంటారు. ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోమని చెప్పి పౌలు ఆ ప్రస్తావన ముగించాడు.

పాఠకులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ ఆరు వచనాలలో ఏడు సంవత్సరాల లెక్క లేదు, క్రీస్తు విరోధి ప్రస్తావన లేదు, వెనుక మిగిలినవారి వర్ణన లేదు. ఇందులో చెప్పినది రహస్యంగా జరిగేదిగా కూడా లేదు. ఆర్భాటం, బూరధ్వని అందరికీ వినిపించేవే. ఇది చనిపోయినవారిని గురించి, వారికోసం ఏడ్చేవారికి వ్రాసిన భాగం. తరువాతి కాలంలో దీని చుట్టూ అల్లుకున్న కాలనిర్ణయ వాదాలన్నీ ఇతర వాక్యభాగాలను దీనితో కలపడం వలన ఏర్పడినవి. ఆ కలపడం సరైనదా కాదా అన్నదే అసలు వివాదం.

'ఎదుర్కొనుట'

అదే వచనంలో మరొక మాట ఉంది. విశ్వాసులు ప్రభువును ఆకాశమండలంలో కలుసుకోవడాన్ని పౌలు 'అపాంతేసిస్' అన్నాడు. గ్రీకు, రోమను పట్టణాలకు రాజు గాని, అధికారి గాని వస్తున్నప్పుడు పౌరులు ఊరి వెలుపలికి వెళ్ళి, స్వాగతం చెప్పి, ఆయనతో కలిసి ఊరిలోకి తిరిగి రావడానికి ఈ మాట వాడేవారు. కొత్త నిబంధనలో ఇది మరి రెండు చోట్ల వస్తుంది. పదిమంది కన్యకల ఉపమానంలో కన్యకలు పెండ్లికుమారునికి ఎదురు వెళ్ళి, సిద్ధంగా ఉన్నవారు ఆయనతోనే పెండ్లివిందుకు లోపలికి పోతారు (మత్తయి 25:6-10). పౌలు ఖైదీగా రోముకు వస్తున్నప్పుడు అక్కడి సహోదరులు సుమారు 65 కిలోమీటర్ల దూరంలోని అప్పియస్ సంతపేట వరకు వచ్చి ఆయనను కలుసుకున్నారు (అపొస్తలుల కార్యములు 28:15). రెండు చోట్లా ఎదురు వెళ్ళినవారు, వస్తున్నవారి వెంట మరలి వచ్చారు.

దీనినిబట్టి చాలామంది పండితులు, విశ్వాసులు మేఘాలలోకి వెళ్ళేది భూమిని విడిచి వెళ్ళిపోవడానికి కాదని, భూమికి వస్తున్న రాజును తోడుకొని రావడానికని అంటారు. రెండవ పక్షంవారు దీనిని ఒప్పుకోరు. ఒక్క మాట వాడినంత మాత్రాన ఆ ఆచారమంతా అందులో ఉన్నట్లు కాదని, తండ్రి ఇంట అనేక నివాసాలున్నాయని, స్థలం సిద్ధపరచి తిరిగి వచ్చి శిష్యులను తన వద్దకు తీసుకొని పోతానని యేసు చెప్పాడని (యోహాను 14:1-3), కనుక ప్రయాణం పైకేనని వారి వాదం.

తెలుగు బైబిలులో ఈ మూడు చోట్లా 'ఎదుర్కొను' అనే క్రియ వాడారు. నేటి వాడుకలో శత్రువునో కష్టాన్నో ఎదిరించడానికి ఆ మాట వాడుతున్నందున, ప్రభువును ఎదుర్కొనడమేమిటని విద్యార్థులు తికమకపడడం సహజం. పాత తెలుగులో దానికి ఎదురేగి స్వాగతం చెప్పడం అనే అర్థం కూడా ఉంది. పెండ్లిలో మగపెళ్ళివారికి ఎదురు వెళ్ళి, మేళతాళాలతో విడిదికి తోడుకొని వచ్చే 'ఎదురుకోలు' వేడుకలో ఆ అర్థం ఇప్పటికీ నిలిచి ఉంది. గ్రీకు మాటకు ఇంత దగ్గరి మాట చాలా భాషలలో దొరకదు.

ఇతర వాక్యభాగాలు

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15:51-52లో పౌలు, అందరూ మరణించరని, కడపటి బూర మ్రోగినప్పుడు రెప్పపాటులో అందరూ మార్పు చెందుతారని అంటాడు. థెస్సలొనీక పత్రికతో దీనికి బూర, మృతుల లేపడం, బ్రతికి ఉన్నవారి మార్పు అనే మూడు పోలికలున్నాయి. రెండూ ఒకే సంఘటన గురించినవని దాదాపు అందరూ అంగీకరిస్తారు.

మత్తయి 24:40-41లో పొలంలో ఉన్న ఇద్దరిలో ఒకడు తీసికొనిపోబడతాడు, ఒకడు విడిచిపెట్టబడతాడు. తిరగలి విసరుతున్న ఇద్దరు స్త్రీల విషయమూ అంతే. బోధకులు తరచుగా దీనిని ఎత్తబడుటకు దృష్టాంతంగా చెబుతారు. అయితే దీనికి ముందు వచనాలలో నోవహు కాలపు జలప్రళయం పోలిక ఉంది. ఆ పోలికలో ప్రళయం 'కొట్టుకొనిపోయినది' దుష్టులను, భూమిమీద మిగిలినది నోవహు కుటుంబం. ఆ వరుసలో చదివితే విడిచిపెట్టబడినవాడే ధన్యుడు కావాలి. ఎత్తబడుటను గట్టిగా నమ్మే పండితులలో కూడా కొందరు ఈ కారణం చేత ఈ భాగాన్ని ఆధారంగా చూపరు.

ప్రకటన గ్రంథం 3:10లో ఫిలదెల్ఫియ సంఘాన్ని రాబోవు శోధనకాలం నుండి కాపాడతానని వాగ్దానం ఉంది. శోధనలోకి పోకుండా ముందే తప్పించడమా, శోధన నడుమ ఉండగా కాపాడడమా అన్నది ప్రశ్న. ఇదే క్రియ, ఇదే విభక్తి యోహాను 17:15లోనూ ఉన్నాయి. అక్కడ యేసు తన శిష్యులను లోకంలోనుండి తీసికొనిపొమ్మని గాక, దుష్టునినుండి కాపాడమని ప్రార్థిస్తాడు. ప్రకటన గ్రంథం మొదటి మూడు అధ్యాయాలలో తరచుగా వచ్చే 'సంఘం' అనే మాట 4వ అధ్యాయం నుండి 22:16 వరకు కనిపించకపోవడాన్ని, 4:1లో యోహానును పైకి రమ్మని పిలవడాన్ని కూడా ఒక పక్షం ఆధారంగా చూపుతుంది. ఒక మాట లేకపోవడాన్ని ఆధారంగా తీసుకోవడం బలహీనమైన పద్ధతి అని రెండవ పక్షం అభ్యంతరం. ఎందుకంటే ఆ అధ్యాయాలలోనే శ్రమలు పడుతున్న 'పరిశుద్ధులు' ఉన్నారు.

వ్యతిరేక పక్షానికి ముఖ్యమైన ఆధారం థెస్సలొనీకయులకు రెండవ పత్రిక 2:1-4. ప్రభువు దినం వచ్చేసిందని కలవరపడుతున్నవారికి, మొదట భ్రష్టత్వం సంభవించి పాపపురుషుడు బయలుపడాలని పౌలు చెప్పాడు. విశ్వాసులు అంతకు ముందే ఎత్తబడేవారైతే, మీరింకా ఇక్కడే ఉన్నారు కదా అని ఒక్క మాట అంటే సరిపోయేది అని వీరి వాదం. దీనికి బదులుగా మొదటి పక్షం, 2:7లోని 'అడ్డగించువాడు' సంఘంలో నివసించే పరిశుద్ధాత్మ అని, సంఘం తొలగిన తరువాతనే పాపపురుషుడు బయలుపడతాడని అంటుంది. ఆ అడ్డగించువాడు ఎవరో పౌలు చెప్పలేదు. రోమా సామ్రాజ్యం అని ప్రాచీనులు చాలామంది తలచారు.

పాత నిబంధనలో మరణం చూడకుండా కొనిపోబడిన హనోకు (ఆదికాండము 5:24), సుడిగాలిలో ఆరోహణమైన ఏలీయా (2 రాజులు 2:11) ఈ సంఘటనకు ముంగుర్తులని బోధిస్తారు.

సిద్ధాంత చరిత్ర

రెండవ శతాబ్దానికి చెందిన జస్టిన్ మార్టిర్, ఐరేనియస్ వంటి రచయితలు క్రీస్తు భూమిమీద వెయ్యి సంవత్సరాలు పరిపాలిస్తాడని నమ్మారు. కాని అంతకు ముందు క్రీస్తు విరోధి చేతిలో సంఘం శ్రమపడుతుందనే వారు తలచారు. అగస్టీన్ (354-430) కాలం నుండి వెయ్యేండ్లను సంఘం ఉన్న ప్రస్తుత కాలానికి సంకేతంగా తీసుకోవడం పాశ్చాత్య సంఘంలో బలపడింది. సంఘం ముందే ఎత్తబడుతుందనే భావన అక్కడక్కడ కనిపించక పోలేదు. అమెరికాలో బాప్టిస్టు బోధకుడైన మోర్గాన్ ఎడ్వర్డ్స్ 1788లో అచ్చువేసిన వ్యాసంలో, క్రీస్తు పరిపాలనకు మూడున్నర సంవత్సరాల ముందు పరిశుద్ధులు కొనిపోబడతారని వ్రాశాడు. అది పెద్దగా ప్రచారం పొందలేదు.

దీనిని ఒక పూర్తి సిద్ధాంతంగా మలిచినవాడు జాన్ నెల్సన్ డార్బీ (1800-1882). ఐర్లాండులో ఆంగ్లికన్ గురువుగా ఉండి, ఆ సంఘాన్ని విడిచి, ప్లిమత్ బ్రదరన్ ఉద్యమంలో ప్రముఖుడయ్యాడు. 1830ల మొదట్లో ఐర్లాండులోని పవర్స్‌కోర్ట్ భవనంలో జరిగిన ప్రవచన సభలలో ఈ విషయాలు చర్చకు వచ్చాయి. ఇశ్రాయేలు వేరు, సంఘం వేరు అనే విభజన డార్బీ బోధకు పునాది. దానియేలు 9:24-27లోని డెబ్బది వారాలను, వారానికి ఏడు సంవత్సరాల చొప్పున 490 సంవత్సరాలుగా లెక్కించారు. అందులో 69 వారాలు క్రీస్తుతో ముగిసి, యూదులు ఆయనను తిరస్కరించినందున చివరి వారం ఆగిపోయింది. ఆ విరామంలో సంఘం వచ్చింది. ఆగిన గడియారం మరల నడవాలంటే సంఘం ముందు తొలగాలి. మిగిలిన ఆ ఏడు సంవత్సరాలే మహాశ్రమల కాలం. ఈ లెక్కను ఒప్పుకుంటే సంఘం ముందుగా ఎత్తబడడం సహజంగా వస్తుంది. ఒప్పుకోకపోతే దానికి నిలబడే చోటు తక్కువ.

డార్బీ బోధను బ్రదరన్ వారందరూ అంగీకరించలేదు. ఆయన సహచరుడైన బెంజమిన్ విల్స్ న్యూటన్, గ్రీకు పాఠపరిష్కర్తగా పేరు పొందిన ట్రెగెల్స్ దీనిని వ్యతిరేకించారు. 1830లో స్కాట్లాండులో మార్గరెట్ మెక్‌డొనాల్డ్ అనే యువతి చూసిన దర్శనమే దీనికి మూలమని 20వ శతాబ్దంలో ఒక వాదన బయలుదేరింది. ఆ దర్శనంలో విశ్వాసులు శోధన అనుభవిస్తారనే ఉన్నందున, చాలామంది చరిత్రకారులు దీనిని అంగీకరించరు.

అమెరికాలో దీని వ్యాప్తికి ఎక్కువగా తోడ్పడినది సి.ఐ. స్కోఫీల్డ్ వ్యాఖ్యలతో 1909లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించిన బైబిలు. వాక్యం ఉన్న పుటలోనే క్రింద వ్యాఖ్య ఉండడం వలన చదివేవారికి రెండింటి మధ్య గీత చెరిగిపోయింది. 1948లో ఇశ్రాయేలు దేశం ఏర్పడడం, 1967 యుద్ధంలో యెరూషలేము పాతనగరం దాని వశం కావడం ఈ బోధకు కొత్త ఊపునిచ్చాయి. 1970లో హాల్ లిండ్సే వ్రాసిన 'ది లేట్ గ్రేట్ ప్లానెట్ ఎర్త్', 1995 నుండి 2007 వరకు టిమ్ లహే, జెర్రీ జెన్కిన్స్ వ్రాసిన 16 'లెఫ్ట్ బిహైండ్' నవలలు కోట్ల ప్రతులు అమ్ముడుపోయాయి. 1972లో వచ్చిన 'ఎ థీఫ్ ఇన్ ది నైట్' చలనచిత్రాన్ని అమెరికా చర్చిలలో విస్తృతంగా ప్రదర్శించారు. ఇంట్లో ఎవరూ కనిపించకపోతే అందరూ ఎత్తబడి తాము మిగిలిపోయామేమోనని బాల్యంలో వణికిపోయామని చెప్పుకునేవారు అక్కడ ఎందరో ఉన్నారు. దుఃఖితులను ఆదరించడానికి వ్రాసిన భాగం పసివారికి భయకారణం కావడం విచారించదగినదే.

ముఖ్యమైన అభిప్రాయాలు

మహాశ్రమలకు ముందే సంఘం ఎత్తబడుతుందనేది ఎక్కువ ప్రచారంలో ఉన్న అభిప్రాయం. దీని ప్రకారం క్రీస్తు రాకడలో రెండు దశలున్నాయి. మొదట తనవారికొరకు మేఘాలవరకు వస్తాడు, ఏడు సంవత్సరాల తరువాత తనవారితో కలిసి భూమికి వస్తాడు. డల్లాస్ వేదాంత కళాశాలకు చెందిన జాన్ వాల్‌వూర్డ్ 1957లో దీనిని సమర్థిస్తూ గ్రంథం వ్రాశాడు. శ్రమల తరువాతనే అనే అభిప్రాయాన్ని జార్జ్ ఎల్డన్ లాడ్ 1956లో బలంగా ప్రతిపాదించాడు. మత్తయి 24:29-31లో శ్రమ ముగిసిన వెంటనే ఏర్పరచబడినవారిని పోగుచేయడం ఉన్నదని, రాకడ ఒక్కటేనని వీరి పక్షం. ఏడు సంవత్సరాల నడిమధ్యన అనేవారు, దేవుని ఉగ్రత కుమ్మరించడానికి కొంచెం ముందు అనేవారు కూడా ఉన్నారు. మెలకువగా ఉన్నవారు మాత్రమే ఎత్తబడతారని 19వ శతాబ్దంలో రాబర్ట్ గోవెట్ బోధించాడు.

రోమను కాథలిక్కులు, ఆర్థడాక్సులు, లూథరనులు, ఆంగ్లికనులు రాకడను రెండుగా విభజించరు. కాథలిక్ సంఘ బోధనాసంగ్రహం 675వ పేరాలో, క్రీస్తు రాకకు ముందు సంఘం ఒక చివరి పరీక్ష గుండా పోవలసి ఉందని స్పష్టంగా ఉంది.

తెలుగునాట

డార్బీతో పాటు బ్రదరన్ ఉద్యమపు తొలి నాయకులలో ఒకడైన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ప్రోత్సాహంతో విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు 1836లో ఇంగ్లండు నుండి వచ్చి నరసాపురం ప్రాంతంలో పని ప్రారంభించారు. గోదావరి డెల్టా మిషన్ ఆ విధంగా ఏర్పడింది. నేడు బ్రదరన్, పెంతెకొస్తు సంఘాలలో సాధారణంగా శ్రమలకు ముందే ఎత్తబడుట బోధిస్తారు. మేఘాలలోకి వచ్చే రాకను 'రహస్య రాకడ' అని, భూమికి వచ్చే రాకను 'బహిరంగ రాకడ' అని పేరు పెట్టడం వీరి వాడుక. దక్షిణ ఇండియా సంఘం, లూథరన్, కాథలిక్ సంఘాలవారు సజీవులకు, మృతులకు తీర్పు తీర్చడానికి క్రీస్తు వస్తాడనే విశ్వాస ప్రమాణంతో సరిపెట్టుకుంటారు. ఏ సంఘంవారైనా భూస్థాపన సమయంలోను, తరువాత జరిగే ఆదరణ కూడికలోను థెస్సలొనీక పత్రికలోని ఈ భాగం చదవడం తరచుగా కనిపిస్తుంది.

తేదీలు చెప్పినవారు

ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియవని మత్తయి 24:36లో ఉన్నప్పటికీ తేదీలు నిర్ణయించేవారు ఆగలేదు. పూర్వం నాసాలో ఇంజనీరుగా పనిచేసిన ఎడ్గార్ విజనాంట్, ఇశ్రాయేలు ఏర్పడిన 1948కి 40 సంవత్సరాలు కలిపే లెక్కను కూడా ఆధారం చేసుకొని, 1988 సెప్టెంబరు 11-13 మధ్య ఎత్తబడుట జరుగుతుందని 88 కారణాలు చూపాడు. అది జరగకపోగా తరువాతి సంవత్సరానికి కొత్త లెక్క చెప్పాడు.

దక్షిణ కొరియాలో లీ జాంగ్ రిమ్ నడిపిన దామి మిషన్ 1992 అక్టోబరు 28ని ప్రకటించింది. అనుచరులు ఉద్యోగాలు మానుకున్నారు, ఇళ్ళు అమ్ముకున్నారు. ఆ రాత్రి ఏమీ జరగలేదు. అనుచరుల ధనంతో ఆయన కొన్న బాండ్ల గడువు ఆ తేదీ దాటిన తరువాత తీరేదిగా ఉందని బయటపడింది. మోసం నేరంపై ఆయనకు జైలుశిక్ష పడింది.

అమెరికాలో రేడియో బోధకుడు హెరాల్డ్ కాంపింగ్ 2011 మే 21 అని దేశమంతటా ప్రకటన ఫలకాలు పెట్టించాడు. కొందరు శ్రోతలు తమ పొదుపు మొత్తాన్ని ఈ ప్రచారానికే ఖర్చుచేశారు. ఆ తేదీ గడిచాక అక్టోబరు 21 అన్నాడు. అదీ గడిచిన తరువాత 2012 మార్చిలో, తేదీ చెప్పడం తాను చేసిన పాపమని బహిరంగంగా ఒప్పుకున్నాడు. 2013 డిసెంబరులో మరణించాడు. 2025 సెప్టెంబరు 23, 24 తేదీలలో ఎత్తబడుట జరుగుతుందని దక్షిణాఫ్రికాకు చెందిన ఒకరు చెప్పిన మాట సామాజిక మాధ్యమాల ద్వారా అనేక దేశాలకు వ్యాపించింది. ఆ రెండు రోజులూ మామూలుగానే గడిచాయి.